పాత చీటీతో తెచ్చిన సూదులు

మిల్లులో మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెకు దారం ఎక్కించేది నోటితోనే. కొత్త కండె పెట్టి, నాడె పక్కనున్న చిన్న రంధ్రానికి పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే దారం కొస బయటికి వస్తుంది. వీవింగ్ ఖాతాలో, అంటే నేత విభాగంలో, పనిచేసేవాళ్లమందరం రోజుకు ఎన్నోసార్లు అట్లా పీల్చేవాళ్లం. పొద్దున షిఫ్టువాడు పీల్చిన నాడెనే మధ్యాహ్నం షిఫ్టువాడూ పీల్చేవాడు. తెలంగాణ, ఆంధ్ర కలిసిన నాలుగో ఏడు, వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నేను పీలిస్తే దారం ఎర్రగా వచ్చింది.

పంటి చిగురు పగిలిందనుకున్నాను. ఆ ఎర్ర దారం తెంపి పారేసి సాంచా నడిపించాను. మగ్గాన్ని మేము సాంచా అంటాం. అనుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు. అప్పటికే నెల రోజులుగా సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది. అలసట అనుకున్నాను. దగ్గు తెగేది కాదు. దూది నుసి అనుకున్నాను. లాగు వదులైతే, ఇంట్లో కూర రుచి తగ్గింది కాబట్టి తిండి తగ్గిందనుకున్నాను. ఆ మాట పైకి అన్నందుకు నా భార్య సువార్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు ఆమే మాట్లాడింది. బట్టలుతుకుతూ నా తువ్వాల పట్టుకొని వచ్చింది.

"ఇదేంది?"

"పాన్ నమిలిన."

"నువ్వు పాన్ ఎప్పుడు నమిలినవ్? ఇది నెత్తురు. రేపు దవాఖానకు పోవాలె. పోకపోతే నేనే వచ్చి మిల్లు గేటు కాడ కూసుంట."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. వెళ్లాను.

దవాఖానలో ఛాతీకి ఎక్స్‌రే తీశారు. మూడు రోజులు పొద్దున్నే కఫం డబ్బాలో పట్టి ఇచ్చాను. నాలుగో రోజు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చూశాడు. పెద్దమనిషి. తొందర లేకుండా మాట్లాడేవాడు.

"ప్రకాశం, నీకు టి.బి. ఉన్నది. కుడి దిక్కు ఊపిరితిత్తి పైన కేవిటీ, అంటే బొక్క, పడ్డది. స్ప్యూటం పాజిటివ్, కఫంల పురుగు ఉన్నది."

"బతుకుతనా సార్?"

"పదిహేనేండ్ల కింద అడిగితే ఏం చెప్పకపోదును. ఇప్పుడు మందులున్నయి. చెప్పినట్టు వాడితే బతుకుతవ్. నీ ఇష్టమొచ్చినట్టు వాడితే ఆ మందే నిన్ను తింటది."

మంచాలు ఖాళీ లేవు కాబట్టి ఇంట్లోనే ఉండి మందు తీసుకొమ్మన్నాడు. చీటీ మీద మూడు మందులు రాశాడు. స్ట్రెప్టోమైసిన్ సూది రోజుకొకటి, అరవై రోజులు. ఐ.ఎన్.హెచ్. మాత్రలు. పాస్ పొడి. సూది రెండు నెలలకు ఆగిపోతుంది, తక్కిన రెండూ ఏడాదిన్నర నడవాలి అన్నాడు. చీటీ నా చేతికిచ్చి, వదలకుండా పట్టుకొని ఇంకో మాట చెప్పాడు.

"ఈ సూదితోని కొందరికి చెవులు దెబ్బతింటయి. చెవులల్ల మోత వచ్చినా, వినుడు తగ్గినా, నడుస్తాంటే తూలినా, సూది ఆపి నా దగ్గరికి రావాలె. మర్చిపోవు గద?"

"మర్చిపోను సార్."

మర్చిపోలేదు కూడా. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. గుర్తుండటం వేరు, పాటించడం వేరు.

మేము స్టేషనుకు అవతల, క్రైస్తవుల ఇళ్లు ఎక్కువగా ఉన్న వాడలో రెండు గదుల్లో ఉండేవాళ్లం. నేను, సువార్త, మా అమ్మ. నాకు వేరే పళ్లెం, వేరే గ్లాసు, బయటి గదిలో వేరే మంచం. సూది వేయడానికి కాంపౌండర్ సాయిలు వచ్చేవాడు. ఏదో దవాఖానలో పని మానేసి, వాడలో ఇల్లిల్లూ తిరిగి సూదులు వేసి బతికేవాడు. మా పొయ్యి మీదే గిన్నెలో సిరంజి ఉడకబెట్టేవాడు. పొడి మందున్న చిన్న సీసాలోకి రబ్బరు మూత మీద నుంచి నీళ్లు ఎక్కించి, చెవి దగ్గర పెట్టుకొని గలగలా ఊపేవాడు. సూది దిగితే పిర్ర రాయి అయ్యేది.

"నొప్పి లేస్తేనే పవరు తమ్మీ. మాత్రలదేమున్నది, కడుపుల పడి కరిగిపోతయి. సూది నెత్తుట్ల కలుస్తది" అనేవాడు సాయిలు.

ఆ మాట నాకు చాలా నచ్చింది. నాకే కాదు, మా వాడలో అందరికీ అదే నమ్మకం. మాత్రలిచ్చి పంపే డాక్టరు దగ్గరికి ఎవరూ రెండోసారి పోయేవాళ్లు కాదు. పాస్ పొడి సంగతి చెప్పనే అక్కర్లేదు. నోట్లో వేసుకుంటే సున్నం, వేపాకు కలిపి నమిలినట్టుండేది. అరగంటకు కడుపులో తిప్పేది, తిన్నది బయటికొచ్చేది. పూటకు అంత పొడి, రోజుకు మూడు పూటలు. సువార్త బెల్లం ముక్క చేతిలో పెట్టుకొని ఎదురుగా నిలబడితే మింగేవాణ్ణి. ఆమె నీళ్లకు పోయిన పూట మోరీలో పోసేవాణ్ణి.

అయిదో వారంలో చెవుల్లో గుయ్‌మని మోత మొదలైంది.

ఇక్కడ మిల్లు సంగతి కొంచెం చెప్పాలి. వీవింగ్ ఖాతాలో వందల సాంచాలు ఒక్కసారి నడుస్తాయి. చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మేము ఒకరి పెదవులు ఒకరం చూసి మాట్లాడుకుంటాం. కొత్తగా చేరినవాడికి ఆరు నెలల్లో ఆ విద్య వస్తుంది. నాకు పన్నెండేళ్ల సర్వీసు. నాలుగు సాంచాల అవతల ఉన్నవాడు వాళ్ల అత్తను తిడుతుంటే ఏ తిట్టు తిట్టాడో చెప్పగలిగేవాణ్ణి. షిఫ్టు దిగాక చెవుల్లో మోత అందరికీ ఉండేది. దాన్ని మాలో ఎవరూ రోగం అనలేదు. చెప్పులు కుట్టేవాడి చేతికి కాయలు ఉన్నట్టు, మా చెవులకు మోత.

కాబట్టి సూదులు మొదలైన అయిదో వారంలో మోత వస్తే, నాకు డాక్టరు గుర్తొచ్చాడు, ఆ వెంటనే మిల్లు గుర్తొచ్చింది. ఆయనకేం తెలుసు, ఆయన ఎన్నడన్నా సాంచాల మధ్య నిలబడ్డాడా, ఇది మా మోతే అనుకున్నాను. ఏడో వారంలో మంచం దిగితే నేల ఒక పక్కకు ఒరిగినట్టయ్యేది. మా అమ్మ ఒకరోజు కల్లు తాగాననుకొని నా మూతి దగ్గరికొచ్చి వాసన చూసి పోయింది. నీరసం అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను.

అరవై సూదులు అయ్యాక దవాఖానకు వెళ్లాను. నాలుగు సేర్లు పెరిగాను. స్ప్యూటం నెగెటివ్ అని వచ్చింది. డాక్టరు మొహం విప్పారింది.

"చెవులెట్లున్నయి?"

"మంచిగున్నయి సార్."

ఎందుకట్లా చెప్పావని చదివేవాళ్లు అడగొచ్చు. మోత ఉందంటే సూది ఆపేస్తాడని భయం. నన్ను బతికిస్తున్నది ఆ సూదే అని నా నమ్మకం. ఆయన మాటలన్నీ నాకు అర్థమవుతూనే ఉన్నాయి మరి. నేను వింటున్నది చెవులతో కాదు, ఆయన పెదవులు చూసి అని ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఇంట్లో సువార్తకూ తెలియలేదు. పిలిస్తే పలకనప్పుడు "జబ్బు మనిషి, పరధ్యానం" అనుకునేదట.

"ఇగ సూది బంద్. పాస్, ఐ.ఎన్.హెచ్. మాత్రం ఒక్క పూట గూడ తప్పొద్దు" అన్నాడు డాక్టరు.

నాకు లోకం తలకిందులైనట్టయింది. పవరు ఉన్నది ఆపి, కక్కించేది ఉంచాడు. బజారులో మందుల షాపుకు వెళ్లి పాత చీటీ చూపించాను. చీటీ మీద డాక్టరు సంతకం ఉంది, తారీఖు ఎవరు చూస్తారు. షాపువాడు సీసాలిచ్చాడు. ఆ సీసాల మీద స్ట్రెప్టోమైసిన్‌కు ముందు ఇంకేదో పేరు కలిసి ఉంది. అడిగితే "అదే మందు, ఇంకా మంచిది" అన్నాడు. సాయిలును అడిగితే "సూది సూదే తమ్మీ" అన్నాడు. రోజు విడిచి రోజు వేయించుకున్నాను. పాస్ డబ్బానూ మాత్రలనూ మంచం కిందికి నెట్టాను. సువార్తకు, డాక్టరు సూది పెంచి పొడీ మాత్రలూ ఆపమన్నాడని చెప్పాను. పాన్ నమిలానన్న తర్వాత ఆమెకు చెప్పిన రెండో అబద్ధం అది.

ఆ రోజుల్లోనే మల్లయ్యన్న నన్ను చూడటానికి వచ్చాడు. ఎనుమాముల నుంచి సైకిలు మీద మిల్లుకు వచ్చేవాడు. నా పక్క సాంచాలు ఆయనవి. నాకన్నా పదేళ్లు పెద్ద. గుమ్మం అవతలే కూర్చొని కొంతసేపు మాట్లాడి, ఉన్నట్టుండి నా మొహంలోకి చూశాడు.

"తమ్మీ, నువ్వు నా మూతి దిక్కే చూస్తానవేంది? ఇది మిల్లు గాదు."

"అలవాటన్నా. చెవులల్ల మోత తగ్గుతలేదు."

ఆయన బీడీ పక్కన పెట్టాడు.

"మాకు ఆయితారం వస్తే మోత తగ్గుతది. నువ్వు సాంచాల మొఖం చూడక మూడు నెలలాయె. నీకెట్ల పెరిగింది?"

నేను నా గ్లాసు అందుకొని నీళ్లు తాగాను.

"దవాఖానల చెప్పినవా?"

"చెప్తలే."

ఆ ప్రశ్న న్యాయమైనదని తెలుసు. తెలిసే పక్కన పెట్టాను. ఆపితే రోగం తిరగబెట్టి చస్తానేమో అన్న భయం ముందు చెవులు పెద్ద విషయంగా కనిపించలేదు. ఇంకో నెల వేయించుకొని అప్పుడు చెబుదామనుకున్నాను. ఒక్క నా చెవులే పోయి ఉంటే ఈ నాలుగు పేజీలు రాసేవాణ్ణి కాదు. నోరు మూసుకొని ఏడ్చుకునేవాణ్ణి.

సువార్తకు అప్పటికి నాలుగో నెల. చలికాలం మొదట్లో ఆమెకు దగ్గు పట్టుకుంది. పడిశం, దగ్గు, రెండు రోజులు ఒంట్లో వెచ్చదనం. మా అమ్మ బయటి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి నా ఎదురుగా నిలబడింది.

"నీ రోగం దానికి అంటుకున్నది బిడ్డా. కడుపుల ఉన్నదాని గతేంది?"

భార్యను ఎక్స్‌రేకు తీసుకుపోవాలి, డాక్టరుకు చూపించాలి. ఎవరైనా చేసేది అదే. కానీ డాక్టరు దగ్గరికి పోతే, నువ్వేం వాడుతున్నావని నన్ను అడుగుతాడు. చీటీ సంగతి బయటపడుతుంది. అదీ ఒక కారణం. ఇంకో కారణం, నా దగ్గర సీసాలున్నాయి. నన్ను బతికించిన మందు ఆమెను ఎందుకు బతికించదు అనుకున్నాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

సాయిలు వచ్చి సిరంజి ఉడకబెట్టాడు. సువార్త వంటగది గడప మీద కూర్చొని ఉంది. సిరంజిని చూసింది, నన్ను చూసింది.

"డాక్టర్ని అడిగినవా?"

"అడిగిన."

"కడుపుతోని ఉన్నదని చెప్పినవా?"

"చెప్పిన. ఫికర్ లేదన్నడు. పదిహేను సూదులు ఏసుకొమ్మన్నడు."

ఆమె పక్కకు తిరిగి చీర కొంచెం సర్దుకుంది. పదిహేను రోజులు, పదిహేను సూదులు. దగ్గు అయిదో రోజుకే పోయింది. అది మామూలు పడిశం అని ఇప్పుడు ఎవరైనా చెబుతారు. అప్పుడు నేను నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ ఆదివారం చర్చి గుడిలో లేచి నిలబడి దేవునికి స్తుతులు కూడా చెల్లించాను.

ఆ తర్వాత నెలన్నరకు మళ్లీ దగ్గులో నెత్తురు పడింది. ఒక్కణ్ణే దవాఖానకు పోయాను. పాత డాక్టరు బదిలీ అయిపోయాడు. ఆయన కుర్చీలో యువకుడు ఒకాయన, మూతికి తెల్లగుడ్డ కట్టుకొని కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. గుడ్డ కదిలింది. నాకు ఏమీ అందలేదు.

"మంచిగున్న సార్" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. గుడ్డ మళ్లీ కదిలింది.

"మూడు పూటలు తింటాన సార్."

పక్కనున్న నర్సమ్మ నవ్వబోయి ఆపుకుంది. నా దగ్గరికొచ్చి మొహంలో మొహం పెట్టి చెప్పింది. "డాక్టర్‌గారు నీ పేరడుగుతాండ్రు."

ఆ క్షణంలో నాకు తెలిసింది. చెవిటివాణ్ణయ్యానని, అయి చాలా రోజులైందని, నా చుట్టూ ఉన్న వాళ్లందరి మూతులే నన్ను మోసం చేశాయని. డాక్టరు లేచి స్టీలు కడ్డీ ఒకటి, రెండు కొమ్ములున్నది, మోకాలికి కొట్టి నా చెవి పక్కన పెట్టాడు. ఏమీ లేదు. ఇంకో చెవి. చాలా దూరంలో దోమ ఉన్నట్టు ఏదో ఉంది, అంతే. నిలబడి కళ్లు మూసుకొమ్మని సైగ చేశాడు. మూసుకోగానే పడబోతే నర్సమ్మ పట్టుకుంది.

గుడ్డ కిందికి లాగి, నాకు కనబడేటట్టు నెమ్మదిగా అడిగాడు. "ఎన్ని సూదులు?"

"అరవై."

"నిజం చెప్పు."

"వందకు పైనే."

సీసా తెమ్మన్నాడు. జేబులోనే ఉంది, ఆ సాయంత్రం వేయించుకోవాల్సింది. చూసి తల పట్టుకున్నాడు. పొడీ మాత్రలూ ఆపిన సంగతి కూడా చెప్పాను.

"ఇది డైహైడ్రో స్ట్రెప్టోమైసిన్. నీకు రాసింది ఇది కాదు. అది ముందు తల తిప్పుతది, ఇది తిన్నగ చెవులను తింటది. పాస్, మాత్రలు ఎందుకు ఆపినవ్? మందులు కలిపి ఇచ్చేదెందుకో తెలుసా? ఒక్క మందే వాడితే టి.బి. పురుగు దానికి అలవాటు పడుతది. మళ్ల పాజిటివ్ వస్తే ఇగ ఈ సూది నీకు ఎందుకూ పనికిరాదు."

"చెవులు మళ్ల వస్తయా సార్?"

"రావు. ఆపినంక గూడ ఇంకొన్ని రోజులు పోతనే ఉంటయి."

స్ప్యూటం పాజిటివే వచ్చింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పవరున్న సూది పవరు నా పురుగు మీద పోయింది, నా చెవుల మీద మిగిలింది.

ఇంటికొచ్చి సువార్తకు చెప్పాను, సూదులు ఎక్కువై చెవులు పోయాయని. ఆమె ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకొని అడిగింది.

"మరి నాకేసినయి?"

"నీకు పదిహేనే గద. డాక్టరు ఏంగాదన్నడు."

ఆ డాక్టరుకు ఆమె సంగతే చెప్పలేదు నేను.

ఈసారి మంచం దొరికింది. ఎనిమిది నెలలు వార్డులో ఉన్నాను. నర్సమ్మ ఎదుట నిలబడి పాస్ మింగించేది. కక్కితే మళ్లీ ఇచ్చేది. మొదటి నెల వరకూ మిల్లు కూత లీలగా తెలిసేది. ఒక పొద్దున కిటికీలోంచి మిల్లు మనుషులు టిఫిను డబ్బాలతో వడివడిగా పోతుంటే చూసి, కూత అయిపోయిందని అర్థమైంది. ఆ తర్వాత కూత మళ్లీ వినలేదు. ఎండాకాలంలో సువార్తకు ఆడపిల్ల పుట్టింది. వార్డు బయట కిటికీ అవతల నిలబడి ఎత్తి చూపించింది. బిడ్డ మూతి తెరిచి ఏడుస్తున్నది. ఎంత గట్టిగా ఏడుస్తున్నదో నాకు తెలియలేదు. కరుణ అని పేరు పెట్టుకున్నాం.

పిల్లకు తొమ్మిదో నెలలో, నేను ఇంటికొచ్చాక, ఒకరోజు సువార్త నా దగ్గరికి వచ్చి కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది.

"బిడ్డ వెనుక ఇత్తడి తాంబాలం కిందపడ్డది. ఇంట్ల అందరం ఉలిక్కిపడ్డం. అది ఆడుకుంటనే ఉన్నది."

మరునాడు మళ్లీ పడేసి చూసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పడేసిందో, ఆ తాంబాలం అంచంతా సొట్టలు పోయింది. చాలా పెద్ద మోత అయితే పిల్ల కొద్దిగా తల తిప్పేది. మనిషి గొంతుకు తిరిగేది కాదు.

మా అమ్మకు కారణం వెంటనే దొరికింది. "గ్రహణం నాడు నీళ్లకు పోయింది. కడుపుతోని ఉన్నది బయటికి పోవద్దని నెత్తి నోరు కొట్టుకున్న. విన్నదా?" మేము బాప్తిస్మం తీసుకొని మూడు తరాలైంది. అయినా గ్రహణం భయం మా ఇళ్లలోంచి పోలేదు. సువార్త ఆ రోజు నిజంగానే బిందె తీసుకొని నల్లా దగ్గరికి పోయింది. ఆ మాట ఆమె మనసులో దిగబడింది. ప్రతి శుక్రవారం ఉపవాసం పట్టింది. మోకాళ్ల మీద కూర్చొని ఆమె పెదవులు కదులుతుంటే నేను చూడకుండా ఉండాలని తల తిప్పుకునేవాణ్ణి. చూస్తే చదవడం వస్తుంది నాకు. ఆమె తన తప్పు క్షమించమని అడిగేది.

ఒకసారి చెకప్‌కు పోయినప్పుడు ఆ యువ డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు.

"అందుకే అని నేను రాసియ్యలేను. కాదని గూడ చెప్పలేను. ఈ మందు తల్లి నుంచి కడుపుల బిడ్డ దాక పోతది. అది మాత్రం నిజం." గుడ్డను మడుస్తూ, "నీ భార్యకు చెప్పినవా?" అన్నాడు.

"లేదు సార్."

"చెప్పు."

చెప్పలేదు. మగవాణ్ణి కాబట్టి చెప్పలేదంటే అది గొప్పలు పోవడం అవుతుంది. పిరికివాణ్ణి కాబట్టి చెప్పలేదు. చెబితే ఆమె నా వైపు చూడటం మానేస్తే, నాకు ఈ లోకంలో మాట్లాడే మనిషి ఉండదు.

నా ఊపిరితిత్తులు బాగయ్యాయి. రెండేళ్లు మందులు మింగాక ఆపేశారు. మిల్లులో సాంచాల మధ్య తిరిగితే తూలి పడతానని, నేసిన బట్ట పరిచి తప్పులు వెతికే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చీకట్లో నడవలేను. కాళ్లకు నేల ఎక్కడుందో కళ్లే చెప్పాలి. సాయిలు ఇప్పటికీ సూదులు వేస్తున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. చీటీ తీసుకుపోయింది నేను.

కరుణకు ఇప్పుడు ఆరేళ్లు. చురుకైన పిల్ల. వచ్చే జూన్‌లో హైదరాబాదులో చెవిటి పిల్లల బడిలో వేయాలని దరఖాస్తు కాగితం తెప్పించాం. అక్షరం బాగుంటుందని సువార్తే నింపింది. పోయిన వారం నేను సంతకం పెట్టబోతూ చదివాను. చెవుడుకు కారణం అని అడిగిన చోట ఆమె ఇట్లా రాసింది: "తల్లి పొరపాటు. గ్రహణం నాడు బయటికి పోవడం."

సంతకం పెట్టలేకపోయాను. నాలుగు రోజులు కూర్చొని ఇక్కడి దాకా రాశాను. నిన్న సాయంత్రం, ఏ పత్రికకూ పంపకముందే, ఈ కాగితాలు ఆమె చేతిలో పెట్టాను. ఆమె గుమ్మంలో వెలుగుకు నిలబడి చదివింది. అయిపోయాక మొదటి నుంచి మళ్లీ చదివింది. నేను ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. దరఖాస్తు తీసుకొచ్చి, తాను రాసిన లైను కొట్టేసి, కలం నా ముందు పెట్టింది. నేను రాశాను: "గర్భంలో ఉండగా తల్లికి డైహైడ్రో స్ట్రెప్టోమైసిన్, పదిహేను సూదులు. డాక్టరును అడగకుండా తండ్రి వేయించినవి."

ఆమె అటు తిరిగి ఏదో అంది. భుజాలు కదిలాయి. చాలాసేపు అంది. ఏమందో నాకు తెలియదు, ఇంకెప్పటికీ తెలియదు. తర్వాత ఇటు తిరిగింది.

"అయిదేండ్లు నాతోని క్షమాపణ ప్రార్థన చేయించినవ్ గద" అంది.

నేను తల దించుకోలేదు. దించుకుంటే ఆమె తర్వాతి మాట పోతుంది.

"ఈ కాగితాలు పంపు. చదివేటోళ్లకు చివరికి ఒక్క మాట రాయి. సూది తెచ్చినోణ్ణి ఇంటోళ్లు డాక్టర్ని అడిగినవా అంటే, అడగకపోతే అడగలేదని చెప్పాలె. అడగలేదంటే నేను ఏయించుకోకపోదును."

ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.